తల్లి వచ్చే వేళకు

మా వీధిలో భద్రమ్మ గడప తొక్కిన పిల్ల ఎవరైనా సరే, కాసేపట్లో నిద్రపోవాల్సిందే. ఇది నా ఒక్కదాని మాట కాదు, సూర్యాపేటలో మా కాలనీ తల్లులందరూ ఒప్పుకున్న మాట. పళ్లు వస్తున్న పిల్లలు, జలుబుతో ముక్కు మూసుకుపోయిన పిల్లలు, అమ్మ కొంగు వదలనని వీధంతా వినబడేలా ఏడ్చే పిల్లలు, అందరూ ఆమె చేతిలో పడ్డాక దారికి వచ్చేవారు. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. పిల్లను తన కాళ్ల మీద పండబెట్టుకుని, చెవులు కప్పేలా కొంగు వేసి, పాదాలు అటూ ఇటూ ఊపుతూ ఊఁ ఊఁ అని ఒకే తీరుగా రాగం తీస్తుంది. ఆ రాగంలో మాటలుండవు. కాళ్లకున్న వెండి కడియాలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తుంటాయి. ఒకసారి మా ఆయన మురళీధర్ పిల్లను తీసుకురావడానికి వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి ఆ రాగం వింటూ తనే ఆవులించాడు. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పి, మళ్లీ ఆవులించాడు.

భద్రమ్మది గొర్ల కాపరుల ఇల్లు. పుట్టింది పెద్దవూర, ఇచ్చింది త్రిపురారం. జీవాలు అమ్మేశాక ఆమె భర్త దుర్గయ్యకు సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో వాచ్‌మన్ పని దొరికింది. ఇద్దరూ వచ్చి మా వీధి చివర రేకుల ఇంట్లో కిరాయికి దిగారు. పక్కింటి నర్సు కృప డ్యూటీకి వెళ్తూ కొడుకును కాస్త చూడమని అడిగితే సరేనంది. ఆ పిల్లవాణ్ణి చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. అట్లా ఆమె ఇల్లు పిల్లల ఇల్లయింది.

నోరు మాత్రం మంచిది కాదు. ముక్కు తుడవకుండా పిల్లను తెచ్చిన తల్లిని గుమ్మంలోనే దులిపేస్తుంది. ఫోను చేతికిచ్చి అన్నం పెట్టేవాళ్లంటే అసలు గిట్టదు. "ఆ డబ్బను సూసుకుంట తింటె ఏం తిన్నదో నోటికెర్కనా, కడుపుకెర్కనా?" అంటుంది. రెండేళ్లకొకసారి పెద్దగట్టు జాతరప్పుడు ఎవరి పిల్లల్ని వాళ్లకు అప్పజెప్పి, తలుపుకు తాళం వేసి, నెత్తిన గంప పెట్టుకుని వెళ్లిపోతుంది. ఆ రోజుల్లో మా తల్లులకు సెలవు పెట్టడం తప్ప దారి లేదు. కలెక్టరు వచ్చి అడిగినా ఆమె ఆగదు.

నేను చివ్వెంల అవతల ఒక ఊళ్లో హైస్కూలు టీచర్ని. పొద్దున బస్సు, దిగాక షేర్ ఆటో. పదో తరగతి పిల్లలకు సాయంత్రం ప్రత్యేక తరగతులు ఉంటాయి కాబట్టి నేను ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. మురళీధర్‌ది కోదాడలో కరెంటు ఆఫీసు ఉద్యోగం, ఆయన నాకంటే ఆలస్యం. మా చైత్రకు రెండేళ్లు దాటాక భద్రమ్మ దగ్గర వదలడం మొదలుపెట్టాం.

మొదట్లో నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను. ఆటో దిగి వీధి మలుపు తిరిగేసరికి భద్రమ్మ ఇంటి మెట్ల మీద పిల్లలు వరసగా కూర్చుని ఉండేవారు. కడిగిన ముఖాలు, పౌడరు, బొట్టు, నూనె పెట్టి దువ్విన తలలు. అందులోంచి మా చైత్ర లేచి రెండు పిలకలూ ఎగురుతుండగా పరుగెత్తుకొచ్చేది. బడిలో ఎంత విసిగినా, బస్సులో ఎంతసేపు నిలబడినా, ఆ పరుగు చూస్తే నాకు కొత్తగా పొద్దు పొడిచినట్లుండేది. మిగతా టీచర్లు డే కేర్‌ల గురించి చెప్పుకుని ఏడుస్తుంటే నేను భద్రమ్మ గురించి గొప్పలు చెప్పేదాన్ని. గొప్పలు చెప్పినప్పుడల్లా దేవుడు వింటూ ఉంటాడని మా అమ్మ అనేది. విన్నాడు.

చైత్రకు మూడేళ్లు వచ్చేసరికి దానికి రాత్రి నిద్ర లేకుండా పోయింది. అన్నం తిన్నాక దానికి కొత్త ఊపు వచ్చేది. గిన్నెలు వాయించేది, మంచం మీంచి దూకేది, నాన్న వీపెక్కి గుర్రమాడేది. తొమ్మిదికి లైటు తీస్తే చీకట్లో పాటలు పాడేది. పదింటికి నీళ్లంటుంది, పదకొండింటికి బొమ్మ పోయిందంటుంది. తిట్టాం, బతిమాలాం. మా అత్తగారు ఫోన్లో చెప్పినట్టు ఎండు మిరపకాయలతో దిష్టి తీశాం, అందరికీ దగ్గొచ్చింది, దానికి నిద్ర రాలేదు. చివరికి మురళీధర్ ఫోనులో బొమ్మల పాటలు పెట్టి పక్కన పడేశాడు. పాట వినాల్సిన పిల్ల కళ్లింత చేసుకుని చూస్తుంటే, పాట పెట్టిన తండ్రి గురక పెట్టాడు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పిల్లలకు పాఠం చెబుతుంటాను కదా, మా ఇంట్లో ఆ రెండో సగం ఒక్క మురళీధర్‌కే వర్తించింది.

తెల్లవారితే మళ్లీ వంట, టిఫిన్ డబ్బాలు, బస్సు. ఒక మధ్యాహ్నం ఆరో తరగతిలో పిల్లలకు పటం గీయమని చెప్పి కుర్చీలో కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి తరగతి మొత్తం బొమ్మల్లా నోళ్లు మూసుకుని ఉంది. ముందు బెంచీలో ఉన్న పిల్ల వెనక్కి తిరిగి, "సప్పుడు చేయకుండ్రి, టీచర్ పన్నది" అని వేలు పెదవుల మీద పెట్టుకుని చెబుతోంది. వాళ్లంత క్రమశిక్షణగా ఏడాది మొత్తంలో ఎప్పుడూ లేరు. నాకు నవ్వు రాలేదు, సిగ్గేసింది. ఇట్లా ఇంకొన్నాళ్లు సాగితే నా ఉద్యోగమో, నా పిల్లో, రెంట్లో ఒకటి నా చేతుల్లోంచి జారిపోతుందని భయమేసింది.

మురళీధర్ ఆఫీసులో ఎవరో చెబితే కోదాడలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చైత్రను అటూ ఇటూ చూసి, పిల్ల బాగుందన్నాడు. తర్వాత కలం కింద పెట్టి, "పగలు ఎప్పుడు పడుకుంటదమ్మా?" అని అడిగాడు. నేను మురళీధర్ వైపు చూశాను. ఆయన నావైపు చూశాడు. మూడేళ్ల పిల్ల పగలు ఏ వేళప్పుడు పడుకుంటుందో తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు. డాక్టరు తిట్టలేదు, అదే ఎక్కువ నొప్పి కలిగించింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పడుకోబెట్టి మూడింటికల్లా లేపేయమన్నాడు. సాయంత్రం బయట ఆడనివ్వమని, రాత్రి రోజూ ఒకే వేళకు దీపం తగ్గించమని, ఫోను పడకగదిలోకి రానివ్వొద్దని చెప్పాడు. "సాయంత్రం నిద్ర రాత్రి నిద్రను తినేస్తుందమ్మా, మందులేం అక్కర్లేదు" అని పంపేశాడు.

బస్సులో తిరిగి వస్తూ మురళీధర్, "ఆవిడకి చెబితే సరిపోద్ది కదా, దీనికింత ఆలోచనేంటి?" అన్నాడు. ఆయన కోదాడ మనిషి, అన్నీ అంత తేలిగ్గా సరిపోతాయి ఆయనకు. నాకు వేరే పురుగు దొలుస్తోంది. మా వీధిలో కూరగాయల బండి ఐలమ్మ ఒకసారి మాటల్లో, "గంత మంది పిల్లలు ఒక్కసారి ఎట్ల పంటరమ్మా? ఏమన్న మందు పోస్తదేమో సూస్కో" అంది. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నిద్రలేని మనిషికి ఏ మాటైనా పెద్దదే అవుతుంది.

ఆ వారంలోనే సూర్యాపేటలో టీచర్ల మీటింగు ఒకటి తొందరగా అయిపోయింది. నాలుగు దాటాక, చెప్పాపెట్టకుండా భద్రమ్మ ఇంటికి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చాప మీద పిల్లలు అడ్డదిడ్డంగా నిద్రపోతున్నారు. చైత్ర చెంప కింద చెయ్యి పెట్టుకుని గాఢంగా పడుకుంది. భద్రమ్మ విసనకర్ర ఊపుతూ నన్ను చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. నా కళ్లు మందు సీసా కోసం వెతికాయి. బిస్కెట్ల డబ్బా, నీళ్ల బిందె, ఉతికి మడతపెట్టిన పిల్లల బట్టలు తప్ప ఆ గదిలో ఏమీ లేవు. అనుమానం పోయింది గానీ కోపం అక్కడే ఉంది.

ఇద్దరం బయట మెట్ల మీదకు వచ్చాం.

"గిప్పుడు పండవెట్టినవా అవ్వా?" అని అడిగాను.

"జరసేపాయె. నువ్వేంది గిప్పుడొచ్చినవ్? బిడ్డ ఇంక లెవ్వలె."

"అన్నం తిన్నంక పండవెట్టరాదా? గిప్పుడు పంటె రాత్రికి నిద్రెట్ల వస్తది?"

నాకేమీ తెలియదన్నట్టు చూసింది. "అన్నం తిన్నంక పంటె జల్దినే లేస్తరు. అప్పటిసంది ఆడి ఆడి, నువ్వొచ్చే యాల్లకు కండ్లు మూస్తది. గట్ల గాదు టీచరమ్మా. తల్లొచ్చే యాల్లకు పిల్ల మెలకువ మీద ఉండాలె."

"అట్లని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? మా నాయిన మంద కాడ గట్లనే చేస్తుండె. పొద్దంత పిల్లలు దొడ్ల ఉంటయి, తల్లులు మేతకు పోతయి. మాపటికి మంద దిగే యాల్లకు పండుకున్న పిల్లకు పాలుండయి. తల్లి వాసన సూస్తది, జరసేపు నిలవడతది, ఇగ పక్కకు జరుగుతది. అందుకే ఎండ వాలేదాంక పిల్లలను ఆడనిచ్చి, అప్పుడు పండుకోనిస్తుంటిమి. మంద సప్పుడు ఇనవడేసరికి అన్ని లేసి దడి కాడ నిలవడుతుండె. నీ బిడ్డ మెట్ల మీద కూసుంటలేదా? గట్ల."

అప్పుడర్థమైంది. ఆమె మరిచిపోయి కాదు, బద్ధకించి కాదు, కావాలనే మా పిల్లల్ని మూడు దాటేదాకా ఆటలో పెట్టి, నాలుగింటికి నిద్రపుచ్చి, మేం వచ్చే వేళకు తాజాగా లేచేలా చూస్తోంది. నేను గొప్పలు చెప్పుకున్న ఆ పిలకలు, ఆ పౌడరు, ఆ పరుగు, అన్నీ ఆ నాలుగింటి నిద్రలోంచి వచ్చినవే. మాకు రాత్రుళ్లు లేకుండా పోయింది కూడా ఆ నిద్ర వల్లే. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని.

ఆ క్షణంలో ఇంత ఆలోచన నాకు లేదు. "నా బిడ్డ గొర్రెపిల్ల గాదవ్వా" అన్నాను. గొంతు పెద్దదే అయింది. "అర్ధరాత్రయినా పండుకుంటలేదు. నేను బడిల కూసుండి తూగుతున్న. పిల్లలు నన్ను సూసి నవ్వుతున్నరు. నువ్వు పగలు పండవెడితె మేం రాత్రంత జాగారం చేస్తున్నం."

భద్రమ్మ విసనకర్ర కింద పెట్టింది. "పండవెట్టుడు తప్పయిందా?" అంది మెల్లగా. పిల్లల్ని నిద్రపుచ్చినందుకు ఆమెను తప్పుపట్టినవాళ్లు అంతకుముందు లేరు. ఆ పని ఒక్కటే తనకు వచ్చని, అందులో మాత్రం తనకు వంక పెట్టలేరని నమ్మిన మనిషి ఆమె.

"సోమవారంసంది ప్లేస్కూలుకు పంపిస్త" అన్నాను.

ఆమె బతిమాలలేదు. "నీ బిడ్డ, నీ ఇష్టం" అంది. నేను లోపలికి వెళ్లి చైత్రను ఎత్తుకోబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. "లేసేదాంక ఆగు. పండుకున్న పిల్లను లేపొద్దు." ఆ గొంతులో ఏముందో, నేను ఆగిపోయాను. ఆ మెట్ల మీదే ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా, మూతులు ముడుచుకుని, చైత్ర తనంతట తాను లేచేదాకా కూర్చున్నాం.

ప్లేస్కూలు మాకు దగ్గర్లోనే ఉంది. గోడల నిండా ఏనుగులు, చిలకలు. అక్కడ మధ్యాహ్నం ఒక వేళకు అందరూ పడుకోవాలి, ఒక వేళకు అందరూ లేవాలి. మొదటిరోజు సాయంత్రం నేను వెళ్లేసరికి చైత్ర ఆఫీసు గదిలో బెంచీ మీద నిద్రపోతోంది. భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే కళ్లు మూసుకునే రెండు ముద్దలు తిని వాలిపోయింది. తెల్లవారేదాకా కదలలేదు. నేనూ మురళీధర్ ఒకరినొకరు నమ్మలేనట్టు చూసుకున్నాం. ఆ రాత్రి నేను పడుకున్న నిద్ర ఎంత బాగుందో చెప్పడానికి మాటలు లేవు. మర్నాడు మురళీధర్ టీ తాగుతూ, "చూశావా, సరిపోయింది" అన్నాడు.

ఇల్లు అలకగానే పండుగ కాదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నేను వెళ్లేసరికి పిల్ల నిద్రలో ఉండేది. ఆయా చెప్పింది, మధ్యాహ్నం అందరూ పడుకున్నా చైత్ర పడుకోవడం లేదట, గోడవైపు తిరిగి కూర్చుంటుందట. సాయంత్రానికి అలసి, కూర్చున్నచోటే ఒరిగిపోతుందట. పొద్దున నాకు దానితో మాట్లాడే తీరిక ఉండదు. లే, తిను, వేసుకో, పద. ఇవే మా ఇద్దరి మధ్య మాటలు. సాయంత్రం భుజం మీద బరువు తప్ప బిడ్డ లేదు.

వారం చివర్లో ఒక పొద్దున, చెప్పులు తొడుగుతుంటే చైత్ర నా ముఖంలోకి చూసి అడిగింది. "అమ్మా, నువ్వు నిన్న ఇంటికి రాలే గదా?"

"వచ్చిన బిడ్డా. నువ్వు పండుకున్నవ్."

తల అడ్డంగా ఊపింది. "రాలే."

నేను బస్సెక్కాను, ఆటో ఎక్కాను, బడికి వెళ్లాను. రోజంతా ఆ "రాలే" నా వెంటే వచ్చింది. నేను రోజూ ఇంటికి వస్తూనే ఉన్నాను, నా బిడ్డకు మాత్రం రావడం లేదు. తల్లి వచ్చే వేళకు పిల్ల మెలకువగా ఉండాలని ఒక మనిషి అంటే, నా బిడ్డ గొర్రెపిల్ల కాదని అరిచాను. నేను అరిచిన మాట తప్పు కాదు. ఆమె అన్న మాటా తప్పు కాదు. ఈ రెండు నిజాల మధ్య నా బిడ్డ నిద్ర ఇరుక్కుపోయిందనిపించి ఏడుపొచ్చింది.

ఆదివారం చైత్రను తీసుకుని భద్రమ్మ ఇంటికి వెళ్లాను. పిల్ల నా చెయ్యి విడిపించుకుని ముందే పరుగెత్తి ఆమె ఒళ్లో పడింది. భద్రమ్మ దాని తల నిమురుతూ నన్ను చూసి, "రా, కూసో" అంది. అంతే, పాత గొడవ ఎత్తలేదు. ఇంట్లో ముప్పై దాటిన ఒక ఆవిడ ఉంది. బయల్దేరబోతూ సంచి సర్దుకుంటోంది. ముఖం, నడక అచ్చం భద్రమ్మవే. "వదినె, బస్సుకు టైమయింది, నేను పోయొస్త" అని మర్యాదగా చెప్పి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

"మీ ఆడబిడ్డా అవ్వా? నీ పోలికలే ఉన్నయి" అన్నాను.

భద్రమ్మ వీధి మలుపు దాకా ఆమెను చూస్తూ ఉండిపోయింది. "నా బిడ్డ. సైదమ్మ. మిర్యాలగూడకిచ్చినం" అంది.

ఆమే చెప్పింది. చైత్ర ఆమె కడియాలు తిప్పుతూ ఆడుకుంటుంటే, పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

సైదమ్మ పుట్టిన కొత్తల్లో దుర్గయ్య మందను తోలుకుని నెలల తరబడి మేతకు దేశం పట్టుకుని పోయేవాడు. ఇంట్లో అత్త, పెళ్లికాని ఆడబిడ్డ. త్రిపురారం నుంచి మిర్యాలగూడ రైసుమిల్లుకు కూలీలను ట్రాక్టరు మీద తీసుకెళ్లేవారు. మిల్లులో ఉడికిన వడ్లను కళ్లంలో ఆరబోసి, ఎండలో కాళ్లతో తిరగేసే పని. చీకటితో ట్రాక్టరు ఎక్కాలి, చీకటి పడ్డాకే దిగాలి. పోయేటప్పుడు పిల్ల నిద్రలో ఉండేది, వచ్చేటప్పుడూ నిద్రలోనే ఉండేది.

"కండ్లు సూడాలని మస్తుగుండె. దీపం దగ్గరికి తెచ్చి మొకం సూస్తుంటి. మా అత్త అంటుండె, ఎలుగుకు లేస్తది, దూరం జరుపు అని. పొద్దంత నేను సాకి సాకి పండవెట్టిన, నువ్వు లేపి ఏడిపిస్తె ఎవరు పట్టుకోవాలె, పండుకున్న పిల్లను లేపొద్దు అంటుండె. ఆమెది తప్పు గాదు. ఆమె ఒళ్లు ఆమెకు నొచ్చె. నేను ఎన్నడు లేపలె."

చైత్ర తిప్పుతున్న కడియాన్ని సరిచేసుకుంది. "ఇంట్ల మా ఆడబిడ్డ నన్ను వదినె అని పిలుస్తుండె. దాన్ని ఎత్తుకోని తిరిగింది ఆమెనే. మాటలొచ్చినంక ఇది గూడ వదినె అన్నది. నేను నవ్విన. పెద్దగయితె మారుస్తదిలే అనుకున్న." చైత్ర పిలక సరిచేసింది. "మంచిగనే సూసుకుంటది నన్ను. పండుగకు సీర తెస్తది. ఏం తక్కువ చేయది."

నాకు దుఃఖం ఆగలేదు. గొర్రెపిల్లల సంగతి ఆమె తండ్రి దగ్గర నేర్చుకున్నదే కావచ్చు. కానీ మా వీధి తల్లులందరికీ ప్రతి సాయంత్రం ఆమె మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి ఇచ్చింది తనకు దొరకని దాన్ని.

ముఖం తుడుచుకుని డాక్టరు చెప్పింది మళ్లీ మెల్లగా చెప్పాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక చైత్రను ఆమె కాళ్ల మీదే పండబెట్టాలి, ఆ పని ప్లేస్కూలు వల్ల కాలేదు. మూడింటికి లేపాలి. తర్వాత వీధిలో ఆడించాలి. మంచిగా పడుకుని మూడింటికి లేచిన పిల్ల నేనొచ్చే వేళకు పడిపోదు, రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, డాక్టరు మాట ఇదే. అన్నిటికీ తల ఊపుతూ వచ్చిన భద్రమ్మ ఒక్క దగ్గర ఆగింది.

"లేపుడు నాతోని గాదు బిడ్డా."

"ఎందుకు గాదవ్వా?"

"గాదు. పండవెట్టుమంటె ఎంతమందినన్న పండవెడత. లేపుడు రాదు నాకు."

పిల్లల విషయంలో ఆమెకు రాని పని ఒకటుందని మా వీధిలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రేపు నేను సెలవు పెట్టి వస్తానని, ఇద్దరం కలిసి లేపుదామని చెప్పాను. పెద్దగట్టు జాతరకు తప్ప సెలవు పెట్టని నన్ను చూసి మురళీధర్, "పిల్లని లేపడానికి సెలవా? ఎవరైనా వింటే నవ్వుతారు" అన్నాడు. నవ్వనీ అన్నాను.

ఇప్పుడు చైత్ర బాగానే నిద్రపోతోంది. కుదుటపడటానికి కొన్నాళ్లు పట్టింది. ఫోను మంచం దగ్గర నుంచి వంటింట్లోకి పోయింది, దానికి చైత్ర కన్నా మురళీధరే ఎక్కువ బాధపడ్డాడు. సాయంత్రం నేను మలుపు తిరిగేసరికి మెట్ల మీద పిల్లలు ఉండరు, వీధిలో దుమ్ము కొట్టుకుని ఆడుతుంటారు. పౌడరు ఉండదు, పిలకలు ఊడిపోయి ఉంటాయి. చైత్ర ఆ దుమ్ముతోనే వచ్చి నా చీరకు చుట్టుకుంటుంది. స్నానం చేయించి, అన్నం పెట్టి, ఆ రోజు ఎవరు ఎవరిని కొట్టారో అన్నీ విని, దీపం తగ్గించేసరికి దాని మాటలు ముద్దముద్దగా అవుతాయి. కృపా, మిగతా తల్లులూ తమ పిల్లల విషయంలో అట్లాగే చేస్తున్నారు. ఇది మా ఇళ్లలో జరిగింది. భద్రమ్మకు జరిగింది మాత్రం ఆ సోమవారం మధ్యాహ్నం, నా కళ్ల ముందే.

నేను వెళ్లేసరికి మూడు కావస్తోంది. పిల్లలు చాప మీద నిద్రపోతున్నారు. మిగతా తల్లులతో మేమింకా మాట్లాడలేదు కాబట్టి లేపాల్సింది చైత్ర ఒక్కదాన్నే. భద్రమ్మ దాని పక్కన గొంతుక్కూర్చుంది. చెయ్యి చాపింది. ఆ చెయ్యి పిల్ల భుజం దాకా వెళ్లి ఆగింది, వెనక్కి వచ్చింది. మళ్లీ చాపింది.

"ఏడిస్తె?" అని అడిగింది.

"ఏడిస్తె ఎత్తుకుందాం."

"పాపం, మంచి నిద్రల ఉంది."

"అవును. లేపవ్వా."

వంగి, దాని చెవి దగ్గర నోరు పెట్టి, నేనెప్పుడూ వినని గొంతుతో పిలిచింది. "సైత్రా. లే బిడ్డ. మీ అమ్మొచ్చింది సూడు."

చైత్ర కదిలింది. కాలు జాడించి పక్కకు తిరిగింది. భద్రమ్మ భయంగా నావైపు చూసి, మళ్లీ పిలిచి, ఈసారి భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల కళ్లు తెరిచింది. కాసేపు పైకప్పు రేకుల వైపు, తర్వాత తన మీదకు వంగిన ఆ ముడతల ముఖం వైపు చూసింది. ఏడవలేదు. చెయ్యెత్తి భద్రమ్మ ముక్కుపుడక పట్టుకుని, "అవ్వా, బిస్కెట్" అంది.

భద్రమ్మ కదల్లేదు. పిల్ల కళ్లలోకి అట్లాగే చూస్తూ ఉంది. తర్వాత నావైపు తిరిగింది.

"గింతేనా?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

"లేపుడంటె గింతేనా బిడ్డా?"

ఆమె కొంగుతో చైత్ర ముఖం తుడిచి, తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి, బిస్కెట్ల డబ్బా కోసం లేచింది.